చిన్న వేళ్ళ గిరాకీ

చిన్న వేళ్ళకి గిరాకీ వచ్చిందన్న కబురు మొదట పుట్టింది పక్కింటి అత్త నోట్లో. ఆవిడ మాతో చెప్పలేదు. కుళాయి దగ్గర ఎవరితోనో అంటే వాళ్ళు మా అమ్మ చెవిన వేశారు. అమ్మ ఇంటికొచ్చి నాన్నతో చెబుతుంటే గోడకివతల పుస్తకాలు సర్దుకుంటున్న మా ఇద్దరికీ వినబడింది.

"విత్తనాల తోటలో ఈసారి పిల్లని పంపిన ఇంటికేనట పెద్దవాళ్ళకి పని. వేళ్ళు సన్నగా ఉండాలట. మేస్త్రీ తనే చూసి ఏరుకుంటాడట."

పక్కింటి అత్త మాటంటే సగం గాలి, సగం గోల అని నాన్న ఎప్పుడూ కొట్టిపారేసేవాడు. ఆ రోజు కొట్టిపారేయలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "ఇలా రండమ్మా, చేతులు చూపించండి" అన్నాడు.

మట్టి ఉందేమో చూస్తాడనుకుని గబగబా గౌనుకి తుడుచుకుని చాపాం. నాన్న అరచేతులు చూడలేదు. వేళ్ళు చూశాడు. నావి తొందరగానే వదిలేశాడు. అక్కవి మాత్రం కాస్త సేపు పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం వీధంతా ఇదే తంతు. ఏ గుమ్మంలో చూసినా పెద్దవాళ్ళు పిల్లల చేతులు తిప్పి తిప్పి చూస్తున్నారు. పక్కింటి అత్త కొడుకు చెయ్యి పైకెత్తి, "వీడివి వేళ్ళా, దొండకాయలా వదినా? ఇన్నాళ్ళూ తిన్నదంతా వేళ్ళకే పట్టింది వెధవకి!" అని నెత్తి కొట్టుకుంది. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. తన వేళ్ళు లావుగా ఉండటం ఎంత అదృష్టమో వాడికేం తెలుసు? మాకు మాత్రం తెలుసా?

అక్కకీ నాకూ ఏడాదే ఎడం. ఇద్దరినీ ఒకే రోజు బడిలో వేశారు, ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. తేడా అంతా బుర్రలోనే. టీచరమ్మ బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగేసరికి అక్క జవాబు చెప్పేసేది. నేను అప్పటికింకా ప్రశ్నే దించుకుంటూ ఉండేదాన్ని. ఆ యేడు పట్నంలో ఆడపిల్లల హాస్టలు బడికి పరీక్ష పెడుతున్నారని, సీటు వస్తే పదో తరగతి దాకా తిండీ బట్టా చదువూ వాళ్ళే చూసుకుంటారని టీచరమ్మ చెప్పింది. మేమున్న ఆ తరగతిలోనే రాయాలి, అది దాటితే ఇక అవకాశం లేదు. "మీ అక్కకి సీటు రాకపోతే నేను చాక్‌పీసు పట్టడం మానేస్తా" అని అందరి ముందూ నాతో అంది. నాకు వస్తుందనీ రాదనీ ఏమీ అనలేదు. నా గురించి పందెం కాసేంత అవసరం ఎవరికీ లేదు.

విత్తనాల పత్తి మామూలు పత్తిలా తనంతట తను కాయదు. రెండు జాతుల మొక్కలు వేస్తారు. ఒక జాతి పువ్వు పుప్పొడి తెచ్చి రెండో జాతి పువ్వుకి చేత్తో అద్దాలి. అద్దాలంటే ముందు రోజు సాయంత్రమే, తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గని పట్టుకుని, బొటనవేలి గోటితో అడుగున గుండ్రంగా గీసి, రేకులూ పుప్పొడీ ఒక్క మెలికలో ఊడబెరకాలి. నడుమ సన్నటి పుల్ల ఒకటి ఉంటుంది, దానికి గీత కూడా పడకూడదు. గుర్తుకి ఒక ఎర్ర కాగితం తగిలించాలి. మర్నాడు పొద్దున మగపువ్వు, అంటే పుప్పొడిచ్చే జాతి పువ్వు, కోసుకొచ్చి ఆ పుల్లకి అద్దాలి. ఆ పూట తప్పిందా, ఇక ఆ పువ్వు అంతే సంగతులు. పెద్దవాళ్ళ గోరు పుల్లని కూడా తెంపేస్తుంది, పైగా రోజంతా నడుం వంగి ఉండలేరు. పిల్లలైతే సరిగ్గా మొక్క ఎత్తు ఉంటారు. దేవుడు పిల్లల్ని ఆ ఎత్తున పుట్టించింది ఆ తోట కోసమే అన్నట్టు మాట్లాడేవాడు మేస్త్రీ.

మేస్త్రీ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కేకలెయ్యడు, చెయ్యి చేసుకోడు. పిల్లలందరినీ "బంగారం" అనే పిలుస్తాడు. మొదటిరోజు మా ఇద్దరి చేతుల్లో తలా ఒక మొగ్గ పెట్టి, "గీయండి బంగారం" అన్నాడు. అక్క గీసింది. రేకులు టోపీలా ఊడి వచ్చాయి, పుల్ల నిటారుగా నిలబడింది. నా మొగ్గ రెండు ముక్కలై నా కాళ్ళ మీదే పడింది.

"నేర్చుకుంటుందిలే" అన్నాడు నాన్న.

నేర్చుకోవాలని నేనూ తెగ ప్రయత్నించాను. బొటనవేలి గోరు పెంచితే మెత్తగా ఉండి మడత పడేది. గట్టిపడిందనుకుంటే విరిగేది. నేను నడిచిన వరుసంతా పిట్టలు పొడిచినట్టు ఉండేది. చివరికి మేస్త్రీ నవ్వుతూ నా భుజం తట్టి, "నువ్వు రోకలివి బంగారం. మీ అక్క సూది. రోకలితో కుట్టుపని ఎవరు చేయిస్తారు? పో, బడికి పోయి చదువుకో" అన్నాడు. ఇంటికి ఒక పిల్ల చాలు కాబట్టి అమ్మానాన్నల పనికి ఢోకా లేకపోయింది.

అలా నేను బడికి తిరిగొచ్చాను. మా ఇంట్లో చదువు నాకెవరూ ఏరికోరి ఇచ్చింది కాదు. తూర్పార పడితే గింజ ఒకవైపూ పొట్టు ఒకవైపూ పడినట్టు, నేను బడివైపు పడ్డాను.

పూత మొదలయ్యాక మా తరగతి బోసిపోయింది. మిగిలిన వాళ్ళమంతా దొండకాయ వేళ్ళవాళ్ళం, గోరు నిలవనివాళ్ళం, చూపు ఆననివాళ్ళం. తెలివైనవాళ్ళకి బడి అంటారు గానీ, మా దగ్గర పనికిరానివాళ్ళకే బడి. టీచరమ్మ వారం వారం గోళ్ళు చూసేది. ఒకరోజు చేతులన్నీ చూసి, "అందరూ శుభ్రంగా కత్తిరించుకున్నారే!" అని మెచ్చుకోబోయి, ఖాళీ బల్లల వైపు చూసి ఆగిపోయింది.

అక్క పొద్దు వాలాక వచ్చేది. తోటలో కొట్టిన పురుగుమందు వాసన తలలోంచి పోయేది కాదు. చేతులు నీళ్ళ బకెట్టులో ముంచుకుని, "ఇవాళేం చెప్పారు?" అని అడిగేది. నేను పుస్తకం తెరిచి చదివి వినిపించేదాన్ని. లెక్క నాకు రాకపోతే బకెట్టులోంచి చేతులు తియ్యకుండానే, "ముందు భాగించవే మొద్దూ, తర్వాత కలుపు" అనేది. ఒకసారి పెన్సిలు తీసుకుని తనే రాయబోయింది. పొడుగు గోరు అడ్డం వచ్చి పెన్సిలు పక్కకి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. "నేను చెబుతా, నువ్వు రాయి" అని పెన్సిలు నా ఒళ్ళో పడేసింది.

ఆ పనిలో ఒక కొక్కెం ఉందని నాకు నెమ్మదిగా అర్థమైంది. సాయంత్రం గీసిన మొగ్గ పొద్దున్నే రమ్మంటుంది. పొద్దున వెళ్ళినవాళ్ళకి సాయంత్రం గీయడానికి కొత్త మొగ్గలు తయారుగా ఉంటాయి. ఎక్కడ వదులుకుందామన్నా నిన్నటిదో రేపటిదో ఒకటి చెయ్యి పట్టుకునే ఉంటుంది.

పరీక్ష దగ్గర పడుతుంటే టీచరమ్మ మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దదాన్ని పంపండి" అంది.

"పూత అయిపోగానే పంపుతాం టీచర్" అన్నాడు నాన్న.

"పూత అయ్యేసరికి పరీక్ష అయిపోతుంది."

"చిన్నది వస్తోందిగా టీచర్?" అంది అమ్మ.

"వస్తోంది. కాదనను. పరీక్షకి నాకు పెద్దది కావాలమ్మా."

"మాకూ పెద్దదే కావాలి టీచర్" అనేసింది అమ్మ. అనేసి నాలిక కరుచుకుని, నావైపు చూడకుండా, "అది మానేస్తే మాకిద్దరికీ పని పోతుంది. పొయ్యి వెలగని ఇంట్లోంచి పోయి అది మాత్రం ఏం రాస్తుంది?" అంది.

టీచరమ్మ మా పొయ్యి వైపు చూసి, "పోనీ, పరీక్ష రోజొక్కటి" అంది. అందరం కలిసి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తుందేమో అని నాన్న దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు. ఒక్కటీ అక్కర్లేకపోయింది.

"ఓస్, దానికేం భాగ్యం! ఒక్క రోజే కదా? చదువుకునే పిల్లని ఆపితే కళ్ళు పోతాయి. వెళ్ళి రానివ్వండి" అన్నాడు మేస్త్రీ. "కాకపోతే ముందురోజు తను గీసినవి తనే అద్దేసి వెళ్ళాలి. ఒకరి వరుసలో ఇంకొకరు చెయ్యి పెడితే తప్పెవరిదో తేలదు, అది తోట పద్ధతి. ఎండ రాగానే మగపువ్వు విచ్చుకుంటుంది, చకచకా అద్దేసి బస్సెక్కమనండి. అంతేగా బంగారం?"

అక్క తల ఊపింది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఎగురుతూనే వచ్చింది.

మంచి పనిమంతులు మాత్రమే చేసే తప్పొకటి ఉంది. పరీక్ష ముందురోజు సాయంత్రం అక్క ఆ తప్పే చేసింది. మేస్త్రీ అంత మంచిగా ఒప్పుకున్నాడు కదా, రేపు సాయంత్రం తను ఉండదు కదా, పిల్ల ఎగ్గొట్టి పోయిందన్న మాట పడకూడదని, ఏ రోజూ గీయనన్ని మొగ్గలు గీసింది. తోటి పిల్లలు ఇళ్ళకి పోయినా తను వరుస చివరిదాకా గీస్తూనే ఉంది. అమ్మ దూరంనుంచి చూసి, "నా తల్లి! చెప్పకుండానే ఎంత బాధ్యత!" అని మురిసిపోయింది. అక్కనించి నాన్నదాకా ఒక్కరికీ తట్టలేదు, గీసిన ప్రతి మొగ్గా రేపు పొద్దున తనని ఆపే చెయ్యేనని.

తెల్లారి చూస్తే మబ్బు.

టీచరమ్మ పరీక్షకి నా పేరు కూడా ఇచ్చింది కాబట్టి ఇద్దరం ఉతికిన గౌన్లు వేసుకున్నాం. అక్క గౌను మీద నాన్న పాత చొక్కా తొడుక్కుంది, మరక పడకుండా. నేను ఇద్దరి పెన్సిళ్ళూ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. అక్క మగ వరుసలోకి వెళ్ళి, చొక్కా ఒడినిండా పువ్వులు కోసుకొచ్చింది. ఒక్కటీ విచ్చుకోలేదు. ఎండ తగలందే మగపువ్వు నోరు విప్పదు. వేళ్ళతో రేకులు విప్పి అద్దింది. పుప్పొడి చెమ్మగా ముద్ద కట్టి ఉంది, పుల్లకి అంటలేదు. రెండు చేతుల మధ్య పువ్వుని పెట్టుకుని నోటితో వెచ్చటి గాలి ఊదింది. చంకలో పెట్టుకుంది. మళ్ళీ ఊదింది. ఆమె చుట్టూ వరుసంతా ఎర్ర కాగితాలు.

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. టీచరమ్మ డ్రైవర్‌ని బతిమాలి ఆపించి, చెప్పులు బురదలో కూరుకుపోతుంటే వాటిని వదిలేసి లోపలికి వచ్చింది.

"వదిలెయ్. నేను చెబుతున్నా, వదిలేసి వచ్చెయ్!"

"ఇవి వాడిపోతాయి టీచర్" అంది అక్క.

"వాడిపోనీ!"

అక్క నాన్న వైపు చూసింది. నాన్న మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఆకాశం వైపు చూశాడు.

"నన్ను చూస్తారేంటి అందరూ? నేను ఆపానా? నిన్ననే పొమ్మన్నాను. పువ్వు తెరుచుకోకపోతే నేనేం చెయ్యను టీచరమ్మా, నేను దేవుణ్ణా?" అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. "వెళ్ళిపొమ్మనండి, నేనేమీ అనను. వరుస పోతే రేపటినుంచి ఈ వరుస వేరే ఇంటికి ఇచ్చుకుంటా, అంతే. నాకూ పైవాళ్ళున్నారు కదా."

మళ్ళీ హారన్. బస్సులోంచి ఎవరో తిట్టారు.

నాన్న గట్టు మీదున్న నన్ను చూపించాడు. "చిన్నదాన్ని తీసుకెళ్ళండి టీచర్. కాస్త ఎండ రాగానే పెద్దదాన్ని నేను సైకిల్ మీద వెనకాలే తెచ్చేస్తా."

టీచరమ్మ అక్క చెయ్యి పట్టుకుని ఉంది. అక్క ఆ చెయ్యి లాక్కోలేదు. అలాగని కదల్లేదు. కాసేపటికి టీచరమ్మే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని గట్టు వెంట లాక్కుపోయింది. బస్సు కదిలాక చూస్తే రెండు పెన్సిళ్ళూ నా చేతిలోనే ఉన్నాయి.

పరీక్ష గదిలో నా పక్క బల్ల ఖాళీ. ప్రశ్నల కాగితం ఇచ్చారు. లెక్కల్లో సగం బకెట్టు పక్కన కూర్చుని అక్క నాచేత చేయించినవే. ముందు భాగించాను, తర్వాత కలిపాను. సగం రాశాక బల్ల మీద ఏదో తెల్లగా మెరిసింది. కిటికీలోంచి ఎండ. నేను లేచి నిలబడ్డాను.

"ఏంటి?" అన్నాడు కాపలా ఉన్న సారు.

"ఇప్పుడు పువ్వులు తెరుచుకుంటాయి సార్."

గదిలో పిల్లలు కిసుక్కున నవ్వారు.

"కూర్చుని రాయి" అన్నాడు సారు.

కూర్చున్నాను. రాశాను.

బయటికొచ్చేసరికి గేటు పక్కన నాన్న సైకిలు గోడకి ఆనించి ఉంది. అక్క గట్టు మీద కూర్చుని ఉంది. పాత చొక్కా తీసేసింది, గౌను మీద ఒక్క మరక లేదు. వేళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. వాళ్ళు వచ్చేసరికి గేటు వేసేశారట. నాన్న గేటువాడికి దణ్ణాలు పెట్టాడట, లోపలికి మనిషిని పంపించాడట. టైము దాటితే ఎవరి చేతుల్లోనూ లేదన్నారట. నిజమే కాబోలు. ఆ రోజు ఏదీ ఎవరి చేతుల్లోనూ లేదు.

"ఏం వచ్చాయి?" అంది అక్క. ప్రశ్నల కాగితం కోసం చెయ్యి చాపింది.

టీచరమ్మ తను బస్సులో వస్తానంది. మమ్మల్ని చూడలేకపోయిందనుకుంటాను. నాన్న నన్ను ముందు కడ్డీ మీద, అక్కని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తొక్కాడు. దారిలో అక్క ఒక్కో ప్రశ్నా చదివేది, చదివి జవాబు చెప్పేది, ఆ తర్వాత "నువ్వేం రాశావ్?" అని నన్ను అడిగేది. నేను తప్పు రాసిన చోట వెనకనుంచి నాన్నని దాటి చెయ్యి చాపి నా నెత్తిన మొట్టేది. ఒక్కటి కూడా తనకి రానిది లేదు. నాన్న చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు. ఒకచోట ఎత్తు కూడా లేదు, ఎదురుగాలీ లేదు, అయినా సైకిలు ఆపేసి దిగి, మమ్మల్ని దిగొద్దని, అలాగే నెట్టుకుంటూ చాలాదూరం నడిచాడు.

చదువు నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి చాలా ఉంది. ఎండన పడకుండా బతికే పని ఇచ్చింది. కాగితం చూపించి ఎవరైనా దబాయిస్తే, ఆ కాగితంలో ఏముందో చదివి మరీ ఎదురు చెప్పే నోరిచ్చింది. నా పిల్ల గోళ్ళని శుభ్రం కోసం తప్ప ఇంకెందుకూ చూడక్కర్లేని రోజులు ఇచ్చింది. ఆ రుణం రోజూ తలుచుకుంటాను. తలుచుకుని దణ్ణం పెడదామంటే మాత్రం ఎటు తిరగాలో తెలియదు. టీచరమ్మ ఉంది, ఆవిడకి పెట్టాను, ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది. మెత్తటి గోరుకి పెట్టమంటారా? మబ్బుకి పెట్టమంటారా?

పూత అయిపోయి, కాయలు పగలడం మొదలైన రోజుల్లో ఫలితం వచ్చింది. టీచరమ్మ గుమ్మంలోకి రాకముందే ఆవిడ మొహం చూసి అమ్మ చేతిలో చీపురు కింద పడేసింది. నాకు సీటు వచ్చింది. వీధిలో వాళ్ళంతా చేరారు. పక్కింటి అత్త నా బుగ్గలు పుణికి, "రోకలి చిగురేసిందర్రోయ్!" అంది. తోటనుంచి వస్తూ మేస్త్రీ కూడా ఆగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. "చూశారా, నేను చెప్పలేదూ, బడికి పొమ్మని?" అన్నాడు.

అక్క అరుగు చివర కూర్చుని, వేళ్ళ సందుల్లో కోసుకుపోయిన చోట పేరుకున్న మట్టి పుల్లతో తీసుకుంటోంది. నా పేరు వినగానే తలెత్తి నవ్వింది. ఆ నవ్వులో కల్తీ ఏమీ లేదు. ఇప్పటికీ ఆ మాట గట్టిగా చెప్పగలను.

"దాన్ని మెచ్చుకోవాలి ముందు" అన్నాడు మేస్త్రీ అక్కని చూపించి. "చెల్లి కోసం తన చదువు వదులుకుంది. ఇలాంటి అక్క ఎవరికుంటుంది?"

"నా బంగారుతల్లి" అంది అమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "దానిది చేతికి ఎముక లేని గుణం. చిన్నప్పటినుంచీ అంతే."

వీధి వీధంతా అక్క వైపు తిరిగి తల ఊపుతోంది, ఎవరికి తోచిన మంచిమాట వాళ్ళు అంటున్నారు. ఇంత మంది తనని ఒకేసారి మెచ్చుకోవడం అక్కకి అదే మొదలు.

టీచరమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, తలమీద చెయ్యి వేసి, "ఎప్పటికీ మర్చిపోకు. ఈ సీటు నీకు మీ అక్క ఇచ్చింది" అంది.

అక్క చేతిలో పుల్ల పక్కన పెట్టింది.

"నేనెప్పుడిచ్చాను టీచర్? నన్నెవరడిగారు?"